లింటల్ మట్టం

ఇరవై రొండేండ్లు సిత్తాలు పని చేసినా.
తిరప్తిలో నేను మోసిన కాంక్రీటు మీద
ఈ పొద్దు ఎంతమంది నిద్రపోతాండారో
ఏ లాడ్జి పుస్తకంలోనూ లెక్క లేదు.
కపిలతీర్థం రోడ్డులో అయిదంతస్తులు,
కరకంబాడి రోడ్డులో ఏడు.
ఆడ లిఫ్టు గుంత తవ్వేటప్పుడు
నా బిడ్డ కడుపులో ఆరో నెల.
ఒక్క మేడ ముందర కూడా నన్ను నిలబెట్టి
ఎవురూ ఫోటో తీయలా.

ఇప్పుడు తీస్తా ఉండారు.
పూతలపట్టు దాటినాక కాలనీ,
సెంటున్నర జాగా, పట్టా నా పేర్న:
మొగిలమ్మ, మొగుడి పేరు, ఆధారు,
బ్యాంకు పుస్తకం జిరాక్సు రొండు.
సచివాలయం ఇంజనీరు అబ్బోడికి
మీసం ఇంకా గట్టిపడలా.
"అక్కా, బేస్‌మట్టం కనపడేట్టు పక్కకు రా" అంటాడు.
బేస్‌మట్టం కనపడాల, మనిషి కనపడాల,
అప్పుడు గానీ బిల్లు కనపడదు.

ఇచ్చేది కొంత సాయమంట, కొంత అప్పంట,
ఏది ఏదో పాసుబుక్కుకే తెలుసు.
ముందు మనం కట్టాల, తర్వాత వాళ్ళిస్తారు.
మెట్టు ఎక్కినాకనే మెట్టు వేస్తారన్నట్టు.
ఇసుక ఉచితమే. ట్రాక్టరు ఉచితం కాదు.
సిమెంటు మూటలొచ్చిన వారానికి
బోరు ఎండిపోయింది.
డ్వాక్రా సంగంలో అడిగి ఇంకొంత ఎత్తినా.
మేస్త్రీ గుణశేఖరు కాగితం తిప్పి తిప్పి చూసి
"ఈ దుడ్లకు కిటికీ వస్తాది వదినా,
దాని చుట్టూ గోడ నువ్వే చూసుకోవాల" అన్నాడు.

చూసుకున్నా. కమ్మలమ్మి చూసుకున్నా.
లింటలు నా చేత్తోనే పోసినా,
గోనెసంచులు కప్పి
ఇరవయ్యొక్క దినం పొద్దున, సాయంత్రం తడిపినా.
పరాయి గోడలకు ఒకనాడు
నీళ్ళు ఎగ్గొట్టుంటానేమో. చెప్పకూడదు గానీ, ఎగ్గొట్టినా.
దీనికి ఎగ్గొట్టలా.

ఆడనే నిల్చిపోయింది.

సోమవారం అర్జీల దినం చిత్తూరికి పోయినా.
ఆ దినం కూలి పాయ.
కంప్యూటరు కాడ ఆయమ్మ కండ్లద్దాలు పైకి జరిపి
"నీ ఇల్లు నీ జాగాలో లేదు" అనింది.
మ్యాపులో చుక్క తప్పు పడిందంట,
పన్నెండడుగులు తూర్పుకు.
పైన తిరిగే యంత్రమేదో చూసి చెప్పిందంట,
నా ఇల్లు గోయిందస్వామి గొర్రెల దొడ్లో ఉండాదంట.

నా కండ్లకు గోడ, గోడ మీద కాకి.
సర్కారు కండ్లకు గొర్రెలు.
ఎవురి మాట చెల్లుతాదో
అర్జీ రాసిన ప్రతివోళ్ళకూ తెలుసు.

ఆ రాత్రి కప్పులేని గదిలోనే పండుకున్నా.
చుట్టూ తెరిచే ఉన్నా వాకిట్లోంచే లోపలికి పోయినా,
కుడికాలు ముందు పెట్టి.
పైన అన్నీ చుక్కలే.
వీటిల్లో ఏది నా మీద అబద్ధం చెప్పిందో
తెల్లారిందాకా ఎతుకుతా ఉన్నా.

నిన్న మళ్ళీ వచ్చినాడు అబ్బోడు.
ఫోను ఎత్తి, దించి, గోడ చుట్టూ తిరిగి
"అక్కా, పడమటకి జరుగు" అన్నాడు.
జరిగినా. "ఇంకా." జరిగినా. "ఇంకొంచెం."
మునిరత్నం టమోటా మడిలో
నారు తొక్కకుండా కాలివేళ్ళ మీద నిలబడినా.
ఇల్లు ఆడ, నేనీడ.
ఇప్పుడు సరిగ్గా ఉండాదంట.

"నెత్తిన ఆ సుట్టగుడ్డ తీసెయ్యక్కా,
మొకం మీద నీడ పడతాంది."
పనికాడి నుంచి అట్లే వచ్చినా, మరిచిపోయినా.
చెయ్యి పైకి పోయింది. మళ్ళీ దించినా.
"ఉండనీ నాయినా,
ఈ ఇంటికి ఇంతవరకూ ఉండే స్లాబు అదొక్కటే."

నవ్వినాడు. నొక్కినాడు.
నేను కండ్లు మూసినానంట.
మళ్ళీ నిలబడమన్నాడు.